కొంచెం ఓర్చుకోమన్నాను

ఇరవై ఆరేళ్ళు యోగా నేర్పి, మోకాళ్ళు అరిగిపోయి మానేశాను. ఈ మాట చెబితే కొందరికి నవ్వొస్తుంది, యోగా నేర్పే ఆవిడకి మోకాళ్ళు అరగడమేమిటని. నేర్పేవాళ్ళకే ముందు అరుగుతాయి. రోజుకి నాలుగు క్లాసులు, ఒక్కో క్లాసులో పాతిక మంది. ఒక్కొక్కరి పక్కన గచ్చు మీద కూర్చోవాలి, సరిచెయ్యాలి, లేవాలి, ఇంకొకరి దగ్గర కూర్చోవాలి. సొంతానికి ఒక్క ఆసనం వేసుకునే తీరిక ఉండదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ముందుగా ఎవరూ చెప్పని సంగతి ఇది.

ఈమధ్య బందరులోనూ గుడివాడలోనూ ట్రైనింగు పూర్తిచేసి చాలామంది వస్తున్నారు. సర్టిఫికెట్లు ఇచ్చే రోజున నన్ను పిలిచి, శాలువా కప్పి, రెండు మాటలు మాట్లాడమంటారు. శాలువా కప్పించుకున్నాక నిజం చెప్పడం కష్టం. అందరూ బాగా చెయ్యాలని దీవించి వచ్చేస్తాను. చెప్పకుండా వచ్చేసినవి ఇక్కడ రాస్తున్నాను.

ఉబ్బసం

మాది మొవ్వ దగ్గర పల్లెటూరు. నాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరు, చర్చిలో పాటలు పాడించేది కూడా ఆయనే. నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. అందరూ చరణం పూర్తిచేసేసరికి నేను సగంలో ఆగి ఊపిరి వెతుక్కునేదాన్ని. పెళ్ళయి బందరు వచ్చాక ఇంకా ఎక్కువైంది. కోతల రోజుల్లో ధూళి గాలికి నెలంతా దిండుకి ఆనుకుని కూర్చునే ఉండేదాన్ని. మా ఆయన ఆర్టీసీలో మెకానిక్. తోటి మెకానిక్ ఎవరో చెప్తే, గొడుగుపేటలో హనుమంతరావు గారి దగ్గరికి తీసుకెళ్ళారు.

హనుమంతరావు గారు కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యారు. జడ్జీ గారి ముందు బల్ల దగ్గర ముప్పై ఏళ్ళు వంగి కూర్చుని రాసి రాసి నడుము పోగొట్టుకున్నారు. ఆపరేషన్ అన్నారట. చిలకలపూడిలో ఒక ముసలి హెడ్మాస్టరు దగ్గర రెండేళ్ళు ఆసనాలు నేర్చుకుని ఆపరేషన్ తప్పించుకున్నారు. రిటైరయ్యాక తన మేడ మీద పదిమందికి నేర్పేవారు. "మీరెక్కడ ట్రైనింగు అయ్యారండీ" అని మా ఆయన అడిగితే, "నా నడుము దగ్గర" అన్నారు.

మొదటి వారం నాకు ఒక్క ఆసనం కూడా చెప్పలేదు.

"రోజంతా ఏం చేస్తావమ్మా?"

"ఇంటిపనేనండీ."

"అట్లా కాదు. ఎంతసేపు వంగుతావు? ఏ చేత్తో బిందె ఎత్తుతావు? పొయ్యి దగ్గర నిలబడతావా, కూర్చుంటావా? ఎటు తిరిగి పడుకుంటావు?"

నేను చెప్తుంటే కోర్టు కాగితం సైజు పుస్తకంలో రాసుకునేవారు. వచ్చిన ప్రతి మనిషికీ ఒక పేజీ ఉండేది. మనిషి పగలంతా ఏం మోస్తాడో తెలియకుండా పొద్దున్నే వాడి ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదనేవారు.

ఓంకారం దగ్గర నేను ఆగిపోయాను. మా అమ్మ అప్పటికే ఒప్పుకోవడంలేదు. సంగతి చెబితే ఆయన పెద్దగా ఆలోచించలేదు. "అంకెలు లెక్కపెట్టుకో. ఊపిరి ఎన్ని అంకెలదాకా వెళ్తుందో అది చెప్పు చాలు" అన్నారు. రిటైరయ్యేదాకా నేను అంకెలతోనే నేర్పాను. మా పాస్టరు గారు ఒకరోజు ఇంటికొచ్చి, అక్కడ ఏం చేయిస్తారో చూపించమన్నారు. చూపించాను. కాసేపు చూసి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, "ఇందులో నాకు పనికొచ్చేది ఏమైనా ఉందామ్మా" అన్నారు. మా అమ్మ ఆ తర్వాత అడ్డు చెప్పలేదు.

రెండో ఏటికి దిండు అవసరం తగ్గింది. నాలుగో ఏట హనుమంతరావు గారికి కళ్ళలో శుక్లాలొచ్చి సరిగా కనపడక, ఆడవాళ్ళని నన్ను చూసుకోమన్నారు.

"నాకు నేర్పడం రాదండీ" అన్నాను.

"నాకూ రాదు. వాళ్ళని చూస్తూ ఉండు, అంతే."

నేను టీచరునైంది అట్లా. ఊపిరాడక వెళ్ళాను, ఊపిరాడింది కాబట్టి ఉండిపోయాను. నాకు తెలిసిన యోగా టీచర్లలో చాలామంది ఇట్లాంటివాళ్ళే. నడుమో, ఆయాసమో, నిద్ర పట్టకపోవడమో, ఏదో ఒక బాధ తీసుకొచ్చి పడేస్తుంది. అందులో ఒక ప్రమాదం ఉంది. మనకి తగ్గింది కాబట్టి అందరికీ తగ్గుతుందని నమ్మకం వచ్చేస్తుంది. నాకు వచ్చింది.

గుడివాడ హాలు

మా ఆయన రిటైరయ్యే రోజులు దగ్గరపడుతుండగా గుడివాడలో ఒక హాలు నుంచి పిలుపొచ్చింది. బట్టల షాపు పైన, గోడలంతా అద్దాలు, ఏసీ. నడిపేది ప్రసాద్ గారు. అంతకుముందు ఇన్సూరెన్సు ఏజెంటు. నలభై ఏళ్ళకే షుగరొచ్చి, ఎక్కడో ట్రైనింగుకి వెళ్ళి, ఆసనాలతో, తిండి కట్టడితో అదుపులో పెట్టుకున్నారు. ఆ సంతోషంలో హాలు పెట్టారు. చెడ్డమనిషి కాదు. వచ్చిన ప్రతివాళ్ళ పేరూ, వాళ్ళ పిల్లల పేర్లూ గుర్తుపెట్టుకునేవారు. షుగరున్నవాళ్ళు నిజంగా ఆయనవల్ల బాగుపడ్డారు. కాకపోతే మనిషిని చూడగానే ఫోటోలో ఎట్లా ఉంటాడో చూసేవారు.

నా పేరు గ్రేస్ సుగుణ. హాలు ముందు ఫ్లెక్సీలో యోగాచార్య సుగుణాదేవి అని వేయించారు. "గ్రేస్ తీసేశారేమిటండీ" అని అడిగాను. "పొడుగైపోతుంది మేడమ్, పట్టలేదు" అన్నారు. దేవి పట్టింది కదా అని అడగాల్సింది. అడగలేదు. ఆ ఫ్లెక్సీ కింద నుంచి ఏడేళ్ళు నడిచి వెళ్ళాను.

రోజూ తెల్లవారుజామున బందరులో మొదటి బస్సెక్కి గుడివాడ వెళ్ళేదాన్ని. బ్యాచికి నలభై మంది. ఒక్కొక్కరికి ఒక పేజీ రాసుకోవడం అక్కడ కుదిరే పని కాదు. మొదట్లో అడుగుతూ ఉండేదాన్ని. తర్వాత నడుస్తూ అడిగేదాన్ని. ఆ తర్వాత అడగడమే మానేశాను. ఇది ఒక్కరోజులో జరగలేదు. ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

తుఫాను షెల్టరులో

ప్రసాద్ గారు దివిసీమలో ఉచిత శిబిరం పెట్టారు. నాగాయలంక దిగువన సముద్రం ఒడ్డు ఊరు, మూడు వారాలు. తుఫానొస్తే జనం తలదాచుకునే షెల్టరు బిల్డింగు పైహాల్లో మధ్యాహ్నం క్లాసు. నేర్పేది నేను. చేపలమ్ముకుని తిరిగొచ్చిన ఆడవాళ్ళు ముప్పై మంది దాకా వచ్చేవారు. నీచు వాసన వస్తుందని నాకు దూరంగా కూర్చునేవారు. దగ్గరికి జరగమంటే నవ్వేవారు.

వాళ్ళలో నాంచారమ్మ ఒకతె. నలభై దాటిన మనిషి. పొద్దున్నే ఒడ్డున చేపలు కొని, అవనిగడ్డ దాకా ఆటోలో వెళ్ళి, అక్కడ గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మేది. పెళ్ళైన దగ్గర్నుంచీ అదే పని. భర్త, మరిది పడవల మీద వేటకెళ్తారు. అత్తగారు ఎండుచేపలు చూసుకుంటుంది. నాంచారమ్మ ఒక్కరోజు మానలేదు. అందరికంటే ముందొచ్చి నాకు చాప పరిచేది.

"ఎందుకొస్తున్నావు నాంచారమ్మా" అని ఒకసారి అడిగాను.

"ఇక్కడైతే కళ్ళు మూసుకున్నా ఎవరూ లెగమనరండి" అంది.

ఆమె మెడ కొంచెం ఎడమవైపు ఒరిగి ఉండేది. చూశాను. పొద్దున్నే మెడ పట్టేస్తోందని కూడా ఒకసారి చెప్పింది. విన్నాను. బందరు మేడ మీదైతే అప్పుడే కూర్చోబెట్టి అన్నీ అడిగేదాన్ని. ఇక్కడ మూడు వారాల్లో పోయేదాన్నే కదా అనుకున్నాను.

ఆఖరి రోజు పెద్దవాళ్ళెవరో చూడ్డానికి వస్తున్నారని ప్రసాద్ గారు ఫోను చేశారు.

"అందరిచేతా సర్వాంగాసనం వేయించండి మేడమ్. కాళ్ళన్నీ ఒక్కసారి పైకి లేస్తే బాగుంటుంది."

"వీళ్ళు నెత్తిన మోసేవాళ్ళండీ. మెడలు ఎట్లా ఉన్నాయో తెలీదు."

"రెండు నిమిషాలే కదా. మీరు పక్కనుండి పట్టుకోండి."

నేను ఇంకోసారి చెప్పలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. వద్దని ఒకసారి చెప్పి ఊరుకుంటే, ఆ చెప్పింది మన మనసు కుదుటపడటానికి తప్ప ఎవరికీ పనికిరాదు.

సర్వాంగాసనం అంటే వెల్లకిలా పడుకుని కాళ్ళూ నడుమూ పైకెత్తి భుజాల మీద నిలబడటం. భుజాలు సరిగా ఆనకపోతే బరువంతా మెడ మీదికొస్తుంది. కొందరు లేపారు, కొందరు నవ్వుతూ పడిపోయారు. నాంచారమ్మ నడుము లేవడంలేదు. రెండో వరసలో ఉంది, ఫోటోలో పడుతుంది. నేను వెళ్ళి ఆమె రెండు పాదాలూ పట్టుకుని పైకి లాగాను.

"మేడంగారూ, మెడకాడ జిల్లుమంటంది."

"కొంచెం ఓర్చుకో. అయిపోవచ్చింది."

ఫోటో తీసే ఆయన ఇంకొక్కటి అన్నాడు. నేను పట్టుకునే ఉన్నాను. తర్వాత కిందికి దించాను. నాంచారమ్మ లేచి కూర్చుని కుడిచెయ్యి విదిలించింది. తిమ్మిరెక్కిందంది. పోతుందిలే అన్నాను. అందరికీ కేసరి పెట్టారు. ఆమె ఎడమచేత్తో తినడం చూశాను. చూసి వ్యానెక్కాను.

హాలుకి వచ్చారు

పదిహేను రోజులకి, పొద్దుటి బ్యాచి అయిపోయి ఆడవాళ్ళు చెప్పులు వేసుకుంటుండగా నాంచారమ్మ మెట్లెక్కి వచ్చింది. మెడకి కాలరు ఉంది. వెనకాల మరిది ఏడుకొండలు. భర్త వేటలో ఉన్నాడట. కుడిచేతిలో పట్టు పోయిందని, తక్కెడ చేతిలోంచి జారి పడిపోయిందని, మెడ ఎముకల మధ్య నరం నలిగిందని, ఇక జన్మలో నెత్తిన బరువు పెట్టొద్దని డాక్టరు అన్నారని ఏడుకొండలే చెప్పాడు. గొడవకి రాలేదు. అతని గొంతు కూడా పెరగలేదు.

"మా వదిన మీ కాడ చేత్తంటేనే అయిందంటందండి. ఏం జరిగిందో అడిగి పోదామని వచ్చాం."

ప్రసాద్ గారు వాళ్ళని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు.

"అమ్మా, ఇంటి దగ్గర కూడా చేసేవారా?"

"చేసేదాన్నండి. మేడంగారు చెయ్యమన్నయ్యే."

"అదీ సంగతి. పక్కన ఎవరూ లేకుండా చేశారన్నమాట." నా వైపు తిరిగారు. "మేడమ్, షెల్టర్లో మీ ముందు ఏమైనా అయిందా?"

చెప్పులు వేసుకుంటున్నవాళ్ళు ఆగారు. నాంచారమ్మ నన్ను చూసింది. కాలరుతో తల తిప్పలేక ఒళ్ళంతా నా వైపు తిప్పి చూసింది. నేను చెప్తానని ఆమెకి అనుమానం కూడా లేదు.

"నా ముందు ఏమీ కాలేదండీ" అన్నాను.

ఏడుకొండలు వదిన వైపు తిరిగాడు. "మరి ఇంటికాడ అట్టా చెప్పావేంది?"

ఆమె ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ప్రసాద్ గారు నాతో, "చాలా చక్కగా మాట్లాడారు మేడమ్" అన్నారు.

ఉద్యోగం పోతుందని భయపడి అన్నానని ఎవరైనా అనుకుంటే అది నా మీద జాలి. మా ఆయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు ఉంది, నాకా భయం లేదు. మంచి టీచరని నాకున్న పేరు, ఆ చెప్పులు వేసుకుంటున్న ఆడవాళ్ళ ముందు పోతుందని భయపడ్డాను. అంతకంటే పెద్ద కారణం లేదు.

బందరు మేడ

ఆ తర్వాత ఎనిమిది నెలలు అక్కడే నేర్పాను. ఎవరి కాళ్ళూ పట్టుకుని లేపలేకపోయేదాన్ని.  నోటితో చెప్పి వదిలేసేదాన్ని. ఎవరూ గమనించలేదు. పైగా ఇంకో బ్యాచి కూడా నాకే అప్పగించారు. ఆదివారం చర్చిలో పాట మధ్యలో మళ్ళీ ఆయాసం వచ్చేది.

చివరికి హనుమంతరావు గారి దగ్గరికి వెళ్ళాను. అప్పటికి మేడ ఎక్కడం మానేశారు, కింద గదిలో మంచం మీదే ఉంటున్నారు. అంతా చెప్పాను. 

"ఇదంతా నాకెందుకు చెబుతున్నావమ్మా?"

"మీకు కాక ఎవరికి చెప్పనండీ."

"ముప్పై ఏళ్ళు సాక్ష్యాలు రాసుకున్నాను. అబద్ధం చెప్పి, బయటికెళ్ళి వకీలు దగ్గర ఏడ్చినవాళ్ళని చూశాను. ఇంటికొచ్చి నా దగ్గర ఏడ్చినవాళ్ళూ ఉన్నారు. ఎదటి పార్టీ ఇంటికెళ్ళి చెప్పినవాణ్ణి మాత్రం చూడలేదు."

ఓదారుస్తారని వెళ్ళాను. కాసిని మజ్జిగ ఇమ్మని కోడల్ని పిలిచి, తాగి, గోడవైపు తిరిగి పడుకున్నారు.

చెప్పడం

మర్నాడే అవనిగడ్డ బస్సెక్కాను. అక్కణ్ణుంచి ఆటో, ఆ తర్వాత ఇంకో ఆటో. నాంచారమ్మ ఇంటి ముందు కూర్చుని ఎండురొయ్యలు ఏరుతోంది, ఎడమచేత్తో. నన్ను చూసి లేవబోయింది. వద్దని పక్కనే కూర్చున్నాను.

"ఆరోజు హాల్లో నేను అబద్ధం చెప్పాను నాంచారమ్మా. నీ కాళ్ళు లాగింది నేను. నువ్వు జిల్లుమందని చెప్పావు. నేను ఆపలేదు."

"నాకు తెలుసు కదండి" అంది. కోపంగా అనలేదు. తనకి తెలిసిన సంగతి ఇంత దూరం వచ్చి చెప్తున్నానేమిటా అన్నట్టు అంది.

కాసేపు రొయ్యలు ఏరి, అప్పుడు అడిగింది. "మా మరిది ముందు చెప్తారా?"

ఆ ఎనిమిది నెలలు ఆ ఇంట్లో ఏం జరిగిందో అప్పుడు తెలిసింది. సోకుకి పోయి, ఎవరూ లేనప్పుడు పిచ్చిగంతులు వేసి చెయ్యి పోగొట్టుకుందని, అది ఒప్పుకోలేక పంతులమ్మ మీద పెట్టిందని అందరూ అన్నారట. అత్తగారన్నది. భర్త అన్నాడు. తోటి చేపలమ్మేవాళ్ళన్నారు. హాలుకి రాకముందు ఆమె మాట నమ్మిందల్లా ఏడుకొండలొక్కడే. నా నాలుగు మాటలతో అతను కూడా నమ్మడం మానేశాడు. చెయ్యి పోయిన సంగతి ఆమె నాకు పెద్దగా చెప్పలేదు. ఇదే చెప్పింది.

పడవలు వచ్చేదాకా ఉండిపోయాను. మూడు గంటలు.  నేను కూడా రొయ్యలు ఏరాను. ఒకసారి టీ పెట్టి ఇచ్చింది. ఎండ దిగాక ఏడుకొండలూ వాళ్ళన్నా వచ్చారు. అత్తగారు లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. వాళ్ళందరి ముందూ మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఫోను సంగతి, ఫోటో సంగతి, ఓర్చుకోమన్న మాట, అన్నీ.

ఏడుకొండలు అడిగాడు. "ఆ రోజు చెప్పలేదేందండి?"

"భయపడ్డాను బాబూ."

"దేనికి?"

"పేరు పోతుందని."

అతను చాలాసేపు కాళ్ళకంటిన ఇసక దులుపుకుంటూ ఉన్నాడు. తర్వాత నాతో కాదు, వాళ్ళన్నతో అన్నాడు. "ఎనిమిది నెలల నించి వదిన్ని తిట్టని రోజు లేదు మనం."

భర్త తల ఎత్తలేదు. అత్తగారు మాత్రం నా దగ్గరికొచ్చి, "మరి చెయ్యి వత్తదా?" అని అడిగింది.

"తెలీదమ్మా" అన్నాను. మూడు వారాల శిబిరంలో నేను ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఎవరేమడిగినా తగ్గుతుందనే చెప్పాను.

తర్వాత రెండేళ్ళు

గుడివాడ మానేసి, మళ్ళీ బందరులోనే నేర్పడం మొదలుపెట్టాను. కారణం ప్రసాద్ గారికి చెప్పే మానేశాను. "మీరు చేసింది తప్పని నేననను మేడమ్. మా హాలు పేరు ఎత్తకుండా చెప్పి ఉండాల్సింది" అన్నారు. ఆయన బాధ అది. నాకు కోపం రాలేదు. ఆయన అడిగితే అబద్ధం చెప్పింది నేను కదా.

నాంచారమ్మని బందరులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆపరేషన్ ఇప్పుడే వద్దని, ఫిజియోథెరపీ చెయ్యాలని, ఎంతవరకు వస్తుందో చెప్పలేనని అన్నారు. ఏమేం చేయించాలో ఫిజియోథెరపీ అమ్మాయి నాకు నేర్పింది. అప్పటికి పదిహేనేళ్ళకి పైగా నేర్పుతున్నదాన్ని, స్టూలు మీద కూర్చుని మొదటి నుంచి నేర్చుకున్నాను. ప్రతి గురువారం దివిసీమ వెళ్ళేదాన్ని. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి భుజాలు తిప్పించడం, గడ్డం వెనక్కి లాగించడం, పిండి ముద్ద పిసికించడం, ఊపిరి. ఫ్లెక్సీ మీద వెయ్యడానికి అందులో ఏమీ ఉండదు. వారాల తరబడి ఏ మార్పూ కనపడేది కాదు. నేను డీలాపడితే, "మీరు మొకం అట్టా పెట్టకండి, నాకు భయమేత్తంది" అనేది.

ఏడాదికి దువ్వెన పట్టుకోగలిగింది. రెండో ఏడు వల కుట్టే కండె పట్టుకుంది. చిటికెనవేలు, దాని పక్కవేలు మాత్రం అట్లాగే ఉండిపోయాయి. గంప మళ్ళీ ఎత్తలేదు. ఒడ్డున కూర్చుని చేపలు వేరుచేసే పనిలోకి మారింది. హనుమంతరావు గారు ఆ మధ్యలోనే పోయారు. నేను దివిసీమ వెళ్ళి చెప్పానని ఆయనకి చెప్పగలిగాను. విని, "వాళ్ళేమన్నారు" అని మాత్రం అడిగారు.

ఒక గురువారం వెళ్ళేసరికి నాంచారమ్మ ఇంటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళున్నారు. ఒకామె మెడ పట్టేసి వచ్చింది. నాంచారమ్మ ఆమెని గుచ్చి గుచ్చి అడుగుతోంది. గంప ఎంత బరువు, దాని కింద నెత్తిన చుట్టకుదురు పెట్టుకుంటుందా లేదా, దించేటప్పుడు ఎవరైనా చెయ్యేస్తారా.  పక్కకి పిలిచి, "నువ్వు ఎవరికీ నేర్పకు నాంచారమ్మా, ప్రమాదం" అన్నాను.

"నేనేం నేర్పుతన్నానండి. ఏం చెయ్యకూడదో చెప్తన్నా."

 అప్పట్నుంచి ఆమెకి పద్ధతిగా నేర్పడం మొదలుపెట్టాను. ఎముకల బొమ్మ ఉన్న చార్టు బందరులో కొని తీసుకెళ్ళాను. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. చదవలేని చోట నేను చదివేదాన్ని. ఎవరిని తను ముట్టుకోవచ్చు, ఎవరిని ముందు డాక్టరు దగ్గరికి పంపాలి అన్నదాని మీదే ఆర్నెల్లు గడిచాయి. ఇప్పుడు అదే షెల్టరు పైహాల్లో వారానికి మూడు రోజులు ఆమె క్లాసు. చుట్టుపక్కల నాలుగూళ్ళ నుంచి వస్తారు. ఆసుపత్రి నర్సమ్మ కూడా పంపుతుంది. సర్టిఫికెట్ ఇప్పిద్దామని నేను తిరిగాను. ఇంటర్ పాసై ఉండాలన్నారు. ఇప్పటికీ ఆమెకి కాగితం లేదు. నేను తయారుచేసిన టీచర్లు ముప్పై మంది పైగా ఉన్నారు. మా ఇంట్లోవాళ్ళని ఎవరి చేతిలో పెట్టాలని అడిగితే నాంచారమ్మ చేతిలోనే పెడతాను.

ఇప్పుడు

నేను రిటైరయ్యాను. పొద్దున లేవగానే మోకాళ్ళు పట్టుకుని గోడవారన నడుస్తాను. ఊపిరి మాత్రం బాగానే ఉంది. పాత విద్యార్థులు కొందరు ఫోను చేస్తారు. ఎక్కువమంది ఏ ఆసనం ఏ జబ్బుకి అని అడుగుతారు. నాకు తెలిసింది తగ్గుతూ వస్తోందని చెబితే, వినయం అనుకుంటారు. అలసట అని నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ళలో ఎంతమందికి ఓర్చుకోమని చెప్పి ఉంటానో. వాళ్ళందరూ తిరిగి వచ్చి చెప్పలేదు.

కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా నాంచారమ్మ నాకు కబురు పెడుతుంది. వెళ్తాను. మొదటిసారి ఎందుకు రమ్మందో తెలియదు, ప్రార్థనకో దీపం వెలిగించడానికో అనుకున్నాను. గోడవారన కుర్చీ వేయించి కూర్చోబెట్టింది. తను ముందు నిలబడి కుడిచెయ్యి ఎత్తి చూపించింది.

"ఈ రెండు వేళ్ళకీ ఇప్పటికీ వేడి తెలవదు. ఈ మేడంగారే నా కాళ్ళు పట్టి లేపారు. మెడకాడ జిల్లుమందని చెప్పాను, ఓర్చుకోమన్నారు. మీకు అట్టాంటిది ఏమన్నా అనిపిత్తే, నేను ఓర్చుకోమన్నా సరే, దిగిపోండి."

అందరూ నా వైపు తిరిగారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. క్లాసయ్యాక ఆటో కోసం నిలబడినప్పుడు అడిగాను.

"నేను లేనప్పుడు చెప్పకూడదా నాంచారమ్మా?"

"మీరు లేనప్పుడు చెబితే కత కింద వింటారండి" అంది. "అంత మంచావిడ చేతిలోనే అయిందని కంటితో చూత్తే గానీ నమ్మరు."

ఇది జరిగి చాలా కాలమైంది. ఇప్పటికి ఎన్నిసార్లు వెళ్ళానో. బస్సు, రెండు ఆటోలు, ఆ తర్వాత షెల్టరు మెట్లు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి ఎక్కుతాను. కుర్చీలో కూర్చుంటాను. ఆమె చెప్పడం అయిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు నా వైపు చూసి, "నిజమేనాండి?" అని అడుగుతారు.

నిజమేనమ్మా అంటాను. అప్పుడు క్లాసు మొదలవుతుంది.